రేణువునకును రెసినునకును నడుమ

మన జంపని గ్రామమునకు కొలది దూరముననే, అమృతలూరు ప్రాంతమందలి యలవర్రు గ్రామమున 1922 సెప్టెంబరు 10వ తేదీన జన్మించి, మదరాసునందలి కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు సంచాలకులై, అటుపిమ్మట భారతదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలికే అధిపతియై, 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో అసువులు బాసిన యలవర్తి నాయుడమ్మగారిని తెలుగువారు చర్మశాస్త్రజ్ఞులుగనే స్మరింతురు. ఆ స్మరణ సత్యమే గాని సంపూర్ణము కాదు. తోలును శుద్ధి చేయుట యనగా, రసాయన దృష్టితో చూచినచో, కొలాజెన్ అను మాంసకృత్తు తంతువులకు వేరొక పదార్థమును విడదీయరాని విధముగ ముడివేయుట. పచ్చితోలు కుళ్లును, క్రోమియము లవణమో, తంగేడు చెక్క కషాయమో దాని తంతువులను పట్టుకొనిన పిమ్మట కుళ్లదు. ఆ రెంటి నడుమ నేర్పడిన బంధమే వస్తువు స్వభావమును మార్చినది. ఈ వ్యాసమునకు విషయము అట్టి బంధమే. అయితే అది చర్మమునందలిది కాదు, ఎముకకును పంటికిని బదులుగా మానవదేహమున నిలుపు కృత్రిమ పదార్థములయందలిది.

ఎముక కూడ కొలాజెన్ తంతువులతోడనే అల్లబడినది. ఆ తంతువుల సందులయందు హైడ్రాక్సీఅపటైట్ అను కాల్షియము ఫాస్ఫేటు స్ఫటికములు, కొన్ని పదుల నానోమీటర్ల పొడవును కొన్ని నానోమీటర్ల మందమును మాత్రమే కలవి, క్రిక్కిరిసి యుండును. ఎండిన ఎముక తూకమున ఇంచుమించు మూడింట రెండు వంతులు ఈ ఖనిజమే. కోడి ఎముకను కొన్ని దినములు వినెగరులో నానవేసి ఖనిజమును కరిగించినచో, మిగిలిన కొలాజెను వ్రేళ్లతో వంచుటకు వీలగునంత మెత్తనగును. అదే ఎముకను నిప్పులలో కాల్చి కొలాజెనును పోగొట్టినచో, మిగిలిన తెల్లని ఖనిజము నొక్కిన మాత్రమున పొడియై రాలును. విడివిడిగా నింత బలహీనములైన రెండు పదార్థములు కలిసినపుడే మనిషిని మోయు ఎముక యగుచున్నవి. ఈ కొలాజెను యొక్క త్రిసూత్ర నిర్మాణమును 1954లో మదరాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా లోకమునకు వెల్లడించిరి. వారి పరిశోధనకు వలసిన కొలాజెను నమూనాలు పొరుగుననే యున్న చర్మ పరిశోధనాలయము నుండి లభించినవి. మన ప్రాంతపు బిడ్డ ఒకడు తోలును గూర్చి తపించిన సంస్థయే, ఎముక మూలతంతువు రహస్యమును విప్పుటకును తోడ్పడినదను మాట మన పాఠ్యపుస్తకములయందు ఒక్క వాక్యమైనను ఉండవలసినది.

ఎముక విరిగినను, కీలు అరిగినను, శస్త్రవైద్యుడు మొదట ఆశ్రయించినది లోహమును. లోహము నమ్మదగినది, అయినను దానియందొక దోషము కలదు. సాగదీయు బలమునకు పదార్థము చూపు నిరోధమును, అనగా దాని బిగువును, గిగాపాస్కల్ అను మానముతో కొలిచినచో, గట్టి ఎముకకు 7 నుండి 30 వరకు, టైటానియము మిశ్రలోహమునకు ఇంచుమించు 110, తుప్పుపట్టని ఉక్కునకు ఇంచుమించు 200 వచ్చును. ఇంతటి బిగువు గల లోహమును ఎముక ప్రక్కన బిగించినపుడు నడకలో కలుగు భారములో అధికభాగము లోహమే వహించును. ఎముకకు పని తగ్గును. పని యున్న ఎముక బలియునని, పని లేని ఎముక క్షీణించునని 1892లో జర్మను వైద్యుడు జూలియస్ వుల్ఫ్ సిద్ధాంతీకరించెను. అనగా రక్షణకై పెట్టిన లోహమే తన చుట్టునున్న ఎముకను కాలక్రమమున పలుచబరచుచున్నదన్నమాట. పోనీ, ఎముకయందలి ఖనిజమునే పింగాణి దిమ్మెగా కాల్చి పెట్టుదమా, అది పెళుసు. ప్లాస్టిక్కునే పెట్టుదమా, దాని బిగువు 1 గిగాపాస్కలు చుట్టుపట్లనే యుండును.

ప్రకృతి చేసినట్లే చేయరాదా యని 1980వ దశకారంభమున లండను క్వీన్ మేరీ కళాశాలలో విలియం బాన్‌ఫీల్డును, ఆయన సహచరులును తలపోసిరి. కొలాజెను స్థానమున పాలిఎథిలీను ప్లాస్టిక్కును, స్ఫటికముల స్థానమున హైడ్రాక్సీఅపటైట్ పొడిని తీసికొని, ఘనపరిమాణమున నూటికి 40 పాళ్లు పొడి యుండునట్లు కరిగించి కలిపి హాపెక్స్ అను పదార్థమును నిర్మించిరి. దాని బిగువు సుమారు 4 గిగాపాస్కళ్లు. కంటిగూటి అడుగు విరిగినవారికిని, మధ్యకర్ణమందలి చిన్ని ఎముకలు చెడి వినికిడి పోయినవారికిని అది మేలుచేసినది. శస్త్రచికిత్స జరుగుచుండగనే వైద్యుడు కత్తితో చెక్కి రోగి చెవికి సరిపోవునట్లు దానిని మలచుకొనగలుగుట గొప్ప సౌకర్యము. కాని కాలి ఎముకవలె బరువు మోయవలసిన చోట 4 గిగాపాస్కళ్లు చాలవు. పొడిని ఇంకను హెచ్చించి బిగువును పెంచుదమన్న, 40 పాళ్లు దాటినంతనే పదార్థము పెళుసుబారుచున్నది. పింగాణి బలమైనదే, ప్లాస్టిక్కు సాగునదే. లోపము ఆ రెంటి స్పర్శయందున్నది.

ఆ లోపమును కొంచెము నిదానించి చూడవలెను. పింగాణి రేణువు ఉపరితలమంతయు హైడ్రాక్సిల్ సమూహములతో నిండి, గాలియందలి తేమను ఆకర్షించి, కంటికి కానరాని నీటిపొరను ఎల్లప్పుడు ధరించి యుండును. ప్లాస్టిక్కు దీనికి విరుద్ధముగ నీటిని దూరముంచునది. రెంటిని కలిపినపుడు రేణువులు ప్లాస్టిక్కుతో కలియుటకు మారుగ తమలో తాము గుంపులు కట్టును; గుంపు నడుమ గాలి చిక్కుకొనును; ఆ గాలి బుడగయే రేపటి పగులునకు బీజము. వంటయింటి యనుభవము గల చదువరికి ఇది క్రొత్త కాదు. వేయించని రవ్వను మరుగు నీటిలో పోసినచో ఉండలు కట్టును. నేతిలో వేయించి ప్రతి గింజకును పలుచని పూత పట్టించినచో విడివిడిగ ఉడుకును. రేణువును కలుపుటకు పూర్వమే దాని పైతలమును సిద్ధపరుపవలెనను ధర్మము రెండుచోట్లను ఒక్కటియే. అయితే నెయ్యి గింజలను విడదీయును గాని నీటితో ముడివేయదు. ఇంప్లాంటులోని, అనగా దేహమున నిలుపు పదార్థములోని, పూత రేణువులను తమలో తాము విడదీయుటయే గాక, చుట్టునున్న ప్లాస్టిక్కుతో వాటిని గట్టిగ ముడివేయవలెను. ఆ ముడి లేనప్పుడు ప్లాస్టిక్కు చల్లారుచు కుదించుకొని రేణువును బిగించు పట్టు మాత్రమే మిగులును. తొలినాటి హాపెక్సునకు ఆధారము ఈ యాంత్రికమైన పట్టే.

పైతలము పైతలమనుచున్నామే, అది ఎంత? సుమారు 40 నానోమీటర్ల వ్యాసము గల సిలికా పొడిని ఒక్క గ్రాము తీసికొనినచో, అందలి రేణువుల ఉపరితల వైశాల్యమంతయు కలిసి ఇంచుమించు 50 చదరపు మీటర్లగును. మన సెంటు భూమి 40 చదరపు మీటర్లకు కొంచెమే ఎక్కువ. చిటికెడు పొడిలో సెంటుకు మించిన నేల దాగియున్నదన్నమాట. ఆ నేలయంతటను రేణువునకును ప్లాస్టిక్కునకును సంబంధము కుదిరినచో పదార్థము నిలుచును, కుదరనిచో ఆ నేలయంతయు పగులు ప్రాకుటకు దారియగును.

ఈ చిక్కు మొదట ఎదురైనది వైద్యమున కాదు. గాజునారను రెసిను అను గట్టిపడు ప్లాస్టిక్కు ద్రవములో పొదిగి పడవలు, విమాన భాగములు చేయ మొదలిడిన 1940వ దశకమున, ఆ వస్తువులు పొడిగానున్నంతకాలము దృఢముగ నుండి, తేమ తగిలిన పిమ్మట బలములో పెద్దభాగమును కోల్పోవుచున్నవని గ్రహించిరి. నీరు నార వెంబడి లోనికి చొరబడి గాజును రెసినును వేరుచేయుచుండెను. సిలికాన్ పరమాణువు కేంద్రముగ నుండు సిలేనులను గాజుపై పూసినపుడు ఈ నష్టము మిక్కిలి తగ్గినది. ఆ విద్యను అమెరికాయందలి జాతీయ ప్రమాణముల సంస్థలో రఫాయెల్ బోవెన్ అను దంతవైద్యుడు నోటిలోనికి తెచ్చెను. సిలేను పూసిన సిలికా పొడిని తాను సృష్టించిన క్రొత్త రెసినుతో కలిపి పంటి రంధ్రములను పూడ్చు విధానమునకు ఆయన 1962లో పేటెంటు పొందెను. నేడు ప్రపంచమంతట దంతవైద్యులు వాడు పంటిరంగు ఫిల్లింగులలో పెక్కు ఆ వంశమునకు చెందినవే.

సిలేను అణువునకు రెండు కొనలు. రెండును భిన్న స్వభావములు కలవి. దంతవైద్యమున వాడు మెథాక్రిలేట్ సిలేను నుదాహరణముగ తీసికొందము. ఒక కొనయందు సిలికానునకు మూడు మెథాక్సీ సమూహములు అంటియుండును. నీరు తగిలినపుడు అవి మిథైల్ ఆల్కహాలుగా విడిపోయి, వాటి స్థానమున హైడ్రాక్సిళ్లు వచ్చును. ఈ హైడ్రాక్సిళ్లు రేణువు మీది హైడ్రాక్సిళ్లను చేరి, మొదట హైడ్రోజను బంధములతో సడలికగ పట్టుకొని, వేడి తగిలిన పిమ్మట నడుమనున్న నీటిని విసర్జించి, సిలికాన్, ఆక్సిజన్, సిలికాన్ అను గట్టి వరుసగ బిగిసికొనును. రెండవ కొనయందలి ద్విబంధము అప్పటికి ఏమియు చేయక వేచియుండును. రెసిను గట్టిపడు క్షణమున అది కూడ ఆ గొలుసులలో నొక కడియై కలిసిపోవును.

ప్రయోగశాలలో ఈ పని చూచుటకు చాల సామాన్యముగ నుండును. బీకరులో 95 పాళ్లు ఇథైల్ ఆల్కహాలును 5 పాళ్లు నీటిని పోసి, ఎసిటిక్ ఆమ్లపు బొట్లతో పి.హెచ్. విలువను 4.5కును 5.5కును నడుమకు తెచ్చి, అందు సిలేనును పోసి కొన్ని నిమిషములు కలియబెట్టుదురు. అటుపిమ్మట పొడిని వేసి త్రిప్పుచు, వడపోసి, అంటకుండ మిగిలినది పోవునట్లు ఆల్కహాలుతో కడిగి, 110 డిగ్రీల వేడిగల ఓవెనులో ఆరబెట్టుదురు. ఎంత సిలేను వలయునన్నది ఊహకు విడువదగినది కాదు. ఒక గ్రాము మెథాక్రిలేట్ సిలేను ఒకే అణువు మందమున పరచుకొనినచో సుమారు 314 చదరపు మీటర్లను కప్పును. కావున పైన చెప్పిన సిలికా పొడి 100 గ్రాములకు 16 గ్రాములు లెక్కకు వచ్చును. తక్కువైనచో రేణువు అక్కడక్కడ నగ్నముగ మిగులును. ఎక్కువైన నింకను కీడు: అదనపు సిలేను పొరమీద పొరగ పేరుకొని, రేణువును గాని రెసినును గాని పట్టుకొనని మెత్తని మడ్డియై, బంధము వలసిన చోటనే జారుడు కల్పించును. ఈ రంగమున క్రొత్తగ అడుగిడినవారు చేయు పొరపాట్లలో, ఎక్కువ పూసిన ఎక్కువ పట్టునని భావించుటయే ముఖ్యమైనదని నా యభిప్రాయము.

పూత పట్టినదో లేదో తెలిసికొనుటకు ఖరీదైన యంత్రములు కలవు. పరారుణ వర్ణపటమున 1720 సెం.మీ⁻¹ చుట్టుపట్ల కార్బొనిల్ రేఖ పొడసూపునా యని చూతురు. పొడిని క్రమముగ వేడిచేసి తూకమెంత తగ్గినదో కొలుతురు. కాని యన్నిటికంటె సులభమైన పరీక్షకు గ్లాసెడు నీరు చాలును. పూత లేని సిలికాను చిటికెడు చల్లినచో వెంటనే తడిసి, నీటిని తెల్లబరచుచు అడుగునకు దిగును. పూత పట్టిన పొడి నీటిమీదనే పలుచని పొరగ నిలిచి, కడ్డీతో కలిపినను తిరిగి పైకి వచ్చును. నీటిని మోహించిన వస్తువు నీటిని నిరాకరించుట కన్నులార చూడవచ్చును. ఫలితమును మరింత స్పష్టముగ చూపునది, విరిచిన ముక్కపై ఎలెక్ట్రాను సూక్ష్మదర్శిని. బంధము లేని పదార్థము విరిగినచోట రేణువులు కడిగినట్లు శుభ్రముగ బయటపడియుండును. కొన్నిచోట్ల రేణువు ఊడిపోగా నునుపైన గుంట మాత్రమే మిగులును. బంధము గల పదార్థమున ప్రతి రేణువును చిరిగిన రెసినును అంటించుకొనియే కనబడును. పగులు అచ్చట సులభమైన దారి దొరకక రెసినును చీల్చుకొని పోవలసివచ్చినదని దాని యర్థము. బాన్‌ఫీల్డు బృందము వారును తరువాతి కాలమున హైడ్రాక్సీఅపటైటునకు సిలేను పూసి, పాలిఎథిలీనునకు ఆక్రిలిక్ ఆమ్లము నంటుగట్టి కలిపినపుడు, బలమును సాగుబాటును రెండును మెరుగుపడినవి.

అయితే సిలేను సర్వరోగనివారిణి కాదు. గాజునకును సిలికాకును అది చక్కగ పట్టును. జిర్కోనియా అను పింగాణిపై తగినన్ని చురుకైన హైడ్రాక్సిళ్లు లేనందున సరిగ పట్టదు. అచ్చట ఫాస్ఫేటు కొన గల అణువులను వాడుదురు, లేదా సిలికా పూసిన అల్యూమినా రేణువులను వేగముగ తాకించి జిర్కోనియాపై సిలికా పొర నేర్పరచి, దానిమీద సిలేను పూయుదురు. హైడ్రాక్సీఅపటైట్ మరియొక రకము. దాని పైతలమున కాల్షియము అయానులు కలవు గావున, వాటిని పట్టుకొనగల కార్బాక్సిలిక్, ఫాస్ఫోనిక్ ఆమ్లములు దానికి తగినవి. చర్మమును శుద్ధిచేయునపుడు క్రోమియము వెదకి పట్టుకొనునది కొలాజెనునందలి కార్బాక్సిల్ సమూహములనే యన్న సంగతి తెలిసినవారికి, లోహ అయానునకును కార్బాక్సిలునకును గల ఈ మైత్రి పరిచితమే.

దేహములోనికి ప్రవేశించిన పిమ్మట క్రొత్త పరీక్ష ఆరంభమగును. 37 డిగ్రీల వెచ్చదనమున, లవణ జలమున, సంవత్సరముల తరబడి నానుచుండవలెను. సిలేను కట్టిన సిలికాన్ ఆక్సిజన్ బంధము ఏ నీటిని విసర్జించుటవలన ఏర్పడినదో, ఆ నీరే తిరిగివచ్చి దానిని మెల్లగ విప్పగలదు. అందుచేతనే పరిశోధకులు నమూనాలను కృత్రిమ దేహద్రవమున నానవేసి, నెలలు గడచిన పిమ్మట విరిచి, మొదటి బలముతో పోల్చిచూతురు. నానకముందు కొలిచిన బలమును మాత్రమే చూపి సంతసించుట శాస్త్రము కాదు. బంధింపబడక మిగిలిన సిలేను జీవకణములకు హాని చేయకుండ నుండవలెను గనుక, కడుగుట యను చిన్నపని ఇంప్లాంట్ల విషయమున పెద్దపని యగుచున్నది.

వీటన్నిటికంటె లోతైన చిక్కు మరియొకటి కలదు. హైడ్రాక్సీఅపటైటును ఎన్నుకొనినది బిగువు కొరకే కాదు. ఎముక కణములు దానిని తమదానిగ గుర్తించి దానిపై క్రొత్త ఎముకను పరచుటకు కూడ. రేణువు చుట్టును పూత పూసినచో ఆ గుర్తింపు మరుగుపడదా? లోపలి రేణువునకు పూత యుండవలెను, ఎముకకు తాకు పైరేణువు నగ్నముగ నుండవలెను. ఇంప్లాంటును తుదిరూపమునకు చెక్కునపుడు, నునుపు చేయునపుడు పైపొర రేణువులు తెగి లోపలి ముఖము బయటపడుట కొంత మేలు. పూతగ వాడు పదార్థమే ఎముకకు హితమైనదిగ నుండునట్లు, కొంతకాలమునకు దేహమున కరగిపోవు పాలిలాక్టిక్ ఆమ్లపు గొలుసులను హైడ్రాక్సీఅపటైటుపై నాటుట మరియొక మార్గము. బంధమును ఎంత గట్టిగ కట్టవలెనో, ఎచ్చట కట్టకుండ విడువవలెనో తెలిసికొనుటయే ఈ విద్య యొక్క కీలకమని నేను భావించుచున్నాను.

ఇదంతయు దూరదేశపు ప్రయోగశాలల ముచ్చటయని జంపని చదువరి తలపనక్కరలేదు. పన్ను పుచ్చి, తెనాలి పోయి పంటిరంగు రెసిను ఫిల్లింగు పెట్టించుకొనిన ప్రతివారి నోటను ఈ బంధము పనిచేయుచున్నది. వైద్యుడు పుచ్చును తొలగించి, 37 శాతపు ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్లును కొన్ని సెకన్లు పట్టించి కడిగి, అంటు ద్రవమును పూసి, మెత్తని ముద్దను రెండు మిల్లీమీటర్లు మించని పొరలుగ అమర్చి, ఒక్కొక్క పొరపై నీలికాంతిని ఇరువది సెకన్లు ప్రసరింపజేయును. ఆ ముద్ద తూకమున నూటికి 75 పాళ్లకు పైగ సిలేను పూసిన గాజు, సిలికా రేణువులే. నీలికాంతి తగిలిన ఆ ఇరువది సెకన్లలోనే, ఇంతకాలము వేచియున్న సిలేను రెండవ కొన రెసినుతో ముడిపడును. ఏండ్ల నమలుటలో ఆ ముడి వీడినచో రేణువులు ఒక్కొక్కటిగ రాలి, ఫిల్లింగు గరుకెక్కి, రంగు పట్టును. మోకాలు మార్పిడి చేయించుకొనిన మన పెద్దలయందు లోహమును ఎముకకు అతికించు సిమెంటున, ఎక్సురేలో కనబడుటకై పది శాతము చుట్టుపట్ల బేరియము సల్ఫేటునో జిర్కోనియానో కలుపుదురు. ఆ పొడికి సాధారణముగ ఏ పూతయు లేదు. అది రెసినుతో ముడిపడదు. అది గుంపుగట్టిన చోట సిమెంటు అలసి పగులునకు తావిచ్చును. ఉత్తమమైన పూతతో దానిని సరిదిద్దుటకు ప్రయత్నములు సాగుచున్నవి.

మన రాష్ట్రపు ఇసుకను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. బాపట్ల జిల్లాయందలి చినగంజాము, వేటపాలెము ప్రాంతముల తెల్లని సిలికా ఇసుక గాజు పరిశ్రమలకై లారీలకెక్కి తరలిపోవుచున్నది. ముడితోలును అట్లే తరలించుట దేశమునకు నష్టమని, శుద్ధిచేసిన తోలును, దానితో చేసిన వస్తువును అమ్మవలెనని నాయుడమ్మగారు నొక్కిచెప్పిరి. 1970వ దశకమున ముడితోళ్ల ఎగుమతి నిలిచి, చర్మవస్తువుల పరిశ్రమ పెరిగినది. ఇసుక నుండి పంటి ఫిల్లింగు వరకు గల దూరము దీర్ఘమైనదే: అత్యంత శుద్ధి కావలెను, గాజుగా కరిగించి నానోమీటర్ల పరిమాణమునకు తేవలెను, దేహమునకు హానిలేదని నిరూపించు పరీక్షలన్నియు నెగ్గవలెను. కాని ఆ దారిలో విలువ పెరుగు మెట్టు ఇసుకయందు లేదు, దాని పైతలమును సిద్ధపరచుటయందున్నది. ఆ మెట్టునకు వలసినది యంత్రములకంటె రసాయనశాస్త్ర జ్ఞానము. హైదరాబాదు బాలాపూరునందు పొడిలోహములకును నూతన పదార్థములకును కేంద్రీయ పరిశోధనాలయము కలదు. చెన్నైలో నాయుడమ్మగారి సంస్థ కొలాజెనుతో వైద్యోపయోగ పదార్థములను చేయుచునే యున్నది. శిక్షణ పొందదలచిన మన యువకులకు తలుపులు లేకపోలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల రసాయనశాస్త్రోపాధ్యాయులకు నాదొక మనవి. పైన వర్ణించిన సిలేను ప్రయోగమునకు రసాయనములు గాక ఒక బీకరు, వడపోత కాగితము, ఓవెను, గ్లాసెడు నీరు చాలును. డిగ్రీ విద్యార్థుల ప్రయోగ పట్టికలో ఈ సంవత్సరమే దానిని చేర్పుడు.